ఊరు పెట్టినాయన లింకు డాక్యుమెంటు

పోయిన ఉగాది సంబరాల్లో మా ఆయనకు శాలువా కప్పారు. అమెరికాలో ఈ బెంటన్‌విల్ చుట్టుపక్కల కాపురం పెట్టిన మొట్టమొదటి తెలుగు కుటుంబం మాదేనని ఎవరో తేల్చారట. ఆయన మైకు పుచ్చుకుని, గొంతు సవరించుకుని, “మేం వచ్చినప్పుడు ఇక్కడ ఎవ్వరూ లేరండీ” అని మొదలుపెట్టారు. హాలంతా చప్పట్లు. మొదటి చలికాలంలో కారు అద్దం మీద మంచు ఎలా గీకాలో నేర్పిన ఎదురింటి ముసలాయన, నా కాన్పు రోజున తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళిన పక్కింటి నర్సు, అడ్వాన్సు అడక్కుండా ఇల్లు అద్దెకిచ్చిన దంపతులు, వీళ్ళంతా ఆ ‘ఎవ్వరూ’లో ఎక్కడ పడ్డారా అని ఆలోచిస్తుంటే నాకు నవ్వొచ్చింది.

పక్కన కూర్చున్న అమ్మాయి నన్ను మోచేత్తో పొడిచింది. “ఏంటాంటీ, అంకుల్ అంత ఎమోషనల్ అవుతుంటే మీరు నవ్వుతున్నారు?”

ఆ గోలలో ఆ అమ్మాయికి చెప్పలేకపోయిన జవాబు ఇది. ఉద్యోగం ఉన్న పిల్లలూ, ఉద్యోగం పోతుందేమోనని బెంగపడుతున్న పిల్లలూ కూడా చదవండి. నా ఉద్యోగం ఏమిటో విన్నాక మీ ఉద్యోగం మీద మీకు గౌరవం పెరగడం ఖాయం.

నా ఉద్యోగం, చనిపోయి నూటయాభై ఏళ్ళు దాటిన ఒకాయనకు భార్యగా ఉండటం. కంగారుపడకండి. మా ఆయనకు తెలిసే చేశాను. జీతం మీద టాక్స్ కూడా కట్టాను.

మా ఇంటికి అరగంట డ్రైవ్‌లో ఒక చిన్న ఊరుంది. ఆ ఊరు పెట్టినాయన కట్టుకున్న దుంగల ఇల్లు ఇంకా నిలిచే ఉంది. దాన్నే మ్యూజియం చేశారు. ఆయన్ని అందరూ కల్నల్ అంటారు. సైన్యంలో ఆయన చేసింది కంచరగాడిదల్ని తోలే పని అని మ్యూజియంలోనే ఆధారాలున్నాయి. అయినా మన దగ్గర మాత్రం కాంపౌండరు డాక్టరుగారు కాలేదూ? ఊరు పెట్టినవాడు గాడిదలు తోలేవాడంటే ఊరికి చిన్నతనం.

ఆ ఊరి పుట్టుక కథ చిన్నదే. కల్నల్ తూర్పు నుంచి పెళ్ళాం పిల్లలతో ఎద్దుబండిలో వచ్చాడు. దారిలో ఒక ఎద్దు కుంటిదైంది. దానికి దాహమై, ఒక కాలిబాట పట్టి లోయలోకి దిగి, ఊట దగ్గర నీళ్ళు తాగి అక్కడే కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. కల్నల్ ఆకాశం వంక చూసి “మన ఊరు ఇదే” అన్నాడు. తర్వాత మిల్లు పెట్టాడు, కొలిమి పెట్టాడు, ఊరికి తన పేరు పెట్టాడు. ఎద్దుకు ఏ పేరూ లేదు. నన్నడిగితే ఊరు పెట్టింది ఎద్దే. కానీ నన్నెవరూ అడగలేదు.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఉబ్బసం. తెనాలి దగ్గర మా ఊళ్ళో మా అమ్మే నాకు బడి. పొద్దున్నే బైబిలు వాక్యం, మధ్యాహ్నం లెక్కలు, సాయంత్రం తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో ఒక పేజీ. ఒక్కో తెలుగు మాటకు ఒక్కో ఇంగ్లీషు మాట, పెళ్ళి సంబంధం కుదిర్చినట్టు అమ్మ కుదిర్చి పెట్టేది. ఆ ఇంగ్లీషు మాటకు వేరే చోట ఇంకో కాపురం కూడా ఉండొచ్చని నాకు తెలియదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

మా పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక నేను ఆ మ్యూజియంలో దుమ్ము దులపడానికి వాలంటీరుగా చేరాను. అక్కడ కల్నల్ వేషం, కల్నల్ భార్య వేషం వేసేవాళ్ళు ఇద్దరుండేవారు. వచ్చినవాళ్ళకు పాతకాలం మనుషుల్లా మాట్లాడి చూపించడం వాళ్ళ పని. ఒక ఏడాది ఆ భార్య ఫ్లోరిడా వెళ్ళిపోయింది. ఆవిడ వదిలేసిన బోనెట్, అంటే చెవులు కప్పేసే బట్టటోపీ, నా తలకు తప్ప ఎవరికీ పట్టలేదు. పైగా కుండలో వెన్న చిలకడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అలా జీతం మీద ఆ వేషం నాకొచ్చింది. మా డైరెక్టరమ్మకు వేషం విషయంలో మహా పట్టింపు. అంతా కల్నల్ కాలంలో ఉన్నట్టే ఉండాలి. నా గౌనుకు ప్లాస్టిక్ గుండీ ఉందని విప్పించి ఎముక గుండీలు కుట్టించింది. గుండీ ప్లాస్టిక్‌ది కాకూడదు, భార్య గుంటూరు జిల్లాది అయినా ఫరవాలేదు. అంత పెద్ద మనసుకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

చూడవచ్చినవాళ్ళు కూడా నన్ను చూసి ఏమీ అనేవాళ్ళు కాదు. ఒకసారి మాత్రం ఒక చిన్నపిల్ల నా దగ్గరకొచ్చి, “అప్పట్లో ఇండియన్స్ అంటే మీకు భయం వేసేదా?” అని అడిగింది. “అప్పుడప్పుడు. చెప్పాపెట్టకుండా పదిమంది భోజనానికి వచ్చినప్పుడు” అన్నాను.

వెన్న చిలుకుతూ నేను చెప్పాల్సిన మాటలు రాసిచ్చారు. చివరి మాట ఇది: “మేం వచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ లేరు. దేవుడు, మేము, అంతే.” రెండో వాక్యం నాకు ఇష్టం. మొదటి వాక్యం దగ్గరే గొంతులో చిన్న నలుసు. పక్క గదిలో అద్దాల పెట్టెలో రాతి బాణపు ములుకులు ఉన్నాయి, ‘కల్నల్ మొదటిసారి పొలం దున్నినప్పుడు దొరికినవి’ అన్న అట్టముక్కతో. ఎవరూ లేని నేలలో ములుకులు మొలిచాయన్నమాట. నటన అబద్ధం కాదులే అని సర్దిచెప్పుకునేదాన్ని. మా తెలుగు చర్చి పాస్టరుగారిని అడుగుదామనుకున్నాను కానీ, అడిగితే జవాబు చెప్తారేమోనని అడగలేదు.

కల్నల్ వేషం వేసేవాడు రిటైరైన ట్రక్ డ్రైవరు. ఆయన్ని మా కల్నల్ అందాం. గడ్డం సొంతమే. గేటు లోపలికి వచ్చాక ఆయన ట్రక్ డ్రైవరు కాడు, ఇంకెవరూ కాడు. ఒకసారి జనం ముందు జేబులో ఫోన్ మోగితే దాన్ని తీసి వింతగా చూసి, “ఎద్దు మెడలో గంట పడిపోయినట్టుంది” అని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. చిక్కు ప్రశ్న ఎదురైతే మాత్రం, “ఆ సంగతి మా ఆవిడ్ని అడగండి” అని నా మీదికి నెట్టేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయన నిజంగా భర్తే.

ఆయన అసలు భార్య పోయి చాలాకాలమైంది. ఇంట్లో పలకరించే మనిషి లేడు. మ్యూజియానికి సోమవారం సెలవు. సోమవారం కూడా వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక వసంతంలో పడిన వడగళ్ళకు దుంగల ఇంటి కప్పు చిల్లులు పడింది. మంచు పడేలోగా కప్పు మార్చకపోతే ఇల్లు మూసేయమని కౌంటీవాళ్ళు, అంటే మన జిల్లా అధికారుల్లాంటివాళ్ళు, చెప్పి వెళ్ళారు. పైన నీలం టార్పాలిన్ కట్టుకుని నెట్టుకొచ్చాం. మా ఆశ అంతా ఒక్కరి మీదే. అసలు కల్నల్ మునిమనవరాలు, ఎనభై దాటిన పెద్దావిడ, డబ్బున్న మనిషి. అక్టోబరులో ఫౌండర్స్ డేకి, అంటే ఊరు పెట్టినరోజు పండక్కి, వచ్చి చూస్తానని కబురు చేసింది. ఆవిడకు నచ్చితే కప్పు. నచ్చకపోతే తాళం.

ముందు రోజు మా కల్నల్ గడ్డం కత్తిరించుకుని వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు.

“ఇది మూసేస్తే నేను మళ్ళీ ఉత్త ట్రక్ డ్రైవర్ని.”

“ట్రక్ డ్రైవరైతే తప్పేముంది?”

“ట్రక్ డ్రైవర్ని ఎవరూ ప్రశ్నలు అడగరు.”

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా పిల్లల కంటే ముందు ఆ కప్పును జ్ఞాపకం చేసుకున్నాను.

డైరెక్టరమ్మ మాకు రెండే మాటలు చెప్పింది. కొత్తగా ఎవరూ ఏమీ మాట్లాడొద్దు, బెంచీలు మాత్రం నిండాలి. బెంచీల సంగతి తేలిగ్గానే తేలింది. మా వీధిలో ఉండే తెలుగమ్మాయి, ఆ శాలువా రోజున నన్ను పొడిచిన అమ్మాయే, అదే సాయంత్రం ఫోన్ చేసింది.

“ఆంటీ, ప్లీజ్, రేపు మా డాడీనీ మామయ్యగారినీ మీ మ్యూజియంకి తీసుకొస్తాను. ఇద్దరూ ఒకేసారి వచ్చారు, ఇంట్లో మేనేజ్ చేయలేకపోతున్నాను. టీవీ రిమోట్ దగ్గర రోజూ రాష్ట్ర విభజనే.”

వాళ్ళ నాన్నది ఒంగోలు. తాసీల్దారుగా రిటైరై హైదరాబాదులో ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇల్లు ఒకప్పటి చెరువులో ఉందని, వానాకాలంలో చెరువు ఆ సంగతి గుర్తుచేసి పోతుంటుందని ఆ అమ్మాయే చెప్పింది. మామగారిది నల్గొండ, లెక్కల సారు. వియ్యంకులిద్దరూ ఒకరినొకరు బావగారూ అనుకుంటూ అతి మర్యాదగా గిల్లుకుంటారు.

“తీసుకురామ్మా, బెంచీలు నిండుతాయి” అన్నాను. దేవుడు కొన్నిసార్లు మన నోటితోనే మనకు పరీక్ష పెట్టిస్తాడు.

ఫౌండర్స్ డే నాడు ఎండ చక్కగా కాసింది. మొదటి బెంచీలో పెద్దావిడ చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. పక్కన మేయరు. డైరెక్టరమ్మ కళ్ళు ఒకసారి ఆవిడ మీద, ఒకసారి టార్పాలిన్ మీద. చివరి బెంచీలో మన తెలుగు బృందం. తాసీల్దారుగారు స్వెటరూ తెల్ల స్పోర్ట్స్ షూతో, సారు మెడకు మఫ్లరుతో. మా కల్నల్ ఆ రోజు ఎన్నడూ చెప్పనంత బాగా చెప్పాడు. ఎద్దు కూలబడే ఘట్టంలో పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. వెన్నకుండ నేను చివరి బెంచీకి దగ్గరగా పెట్టుకున్నాను కనుక అక్కడి వ్యాఖ్యానం కూడా నాకు వినపడుతోంది. అమ్మాయి ముక్క ముక్క తెలుగులో చెప్తోంది.

“ఎద్దు కూలవడ్డ కాడ ఊరు వెట్టిండా?” అన్నారు సారు.

“మా ఒంగోలు గిత్తయితే కూలబడేది కాదు బావగారూ. ఈ ఊరు ఇంకో యాభై మైళ్ళు అవతలుండేది.”

“నిజమే. మీ గిత్త హైదరాబాదు దాంక వచ్చింది గద.”

కథ అయ్యాక మా కల్నల్ అలవాటు ప్రకారం టోపీ సర్దుకుని, “కల్నల్‌ను ఏమైనా అడగొచ్చు” అన్నాడు. ఒక పిల్లవాడు బాత్రూమ్ ఎక్కడని అడిగాడు. మేయరు, ఆ రోజుల్లో పన్నులు తక్కువేనా అని అడిగి తనే నవ్వాడు. తర్వాత చివరి బెంచీ నుంచి తాసీల్దారుగారు లేచి నా వైపు తిరిగారు.

“అమ్మా, నేను అడుగుతాను, నువ్వు ఆయనకి చెప్పు. విచారణ నేనెప్పుడూ తెలుగులోనే చేశాను.”

విచారణ అన్న మాట విని అయినా నేను మేల్కొని ఉండాల్సింది.

“ఈ భూమి ఆయనకెట్లా సంక్రమించింది? కొన్నాడా, వారసత్వమా, ప్రభుత్వం ఇచ్చిందా?”

ఇంగ్లీషులో అడిగాను. మా కల్నల్ గడ్డం నిమురుకున్నాడు. “వాషింగ్టన్ నుంచి పట్టా వచ్చింది సర్. సాక్షాత్తూ అధ్యక్షుడి పేరు మీద.”

“ఎప్పుడొచ్చింది?”

“ఈ ఇంటి దూలాలు పొగకు నల్లబడ్డాక.”

తాసీల్దారుగారు మెల్లగా తలాడించారు. ఆయన ముందు నిలబడ్డ రైతులెందరో ఆ తలాడింపుకు వణికి ఉంటారు. “చూశావా. ముందు కూర్చున్నాడు, తర్వాత కాగితం తెచ్చుకున్నాడు. మరి ఆ మధ్యకాలం మాటేమిటి? ఆ ఆక్రమణ గురించి అడుగు.”

ఆక్రమణ. అమ్మ తెరిచిన నిఘంటువు పేజీ కళ్ళముందు కనపడింది. కుదిర్చిన సంబంధం ఠక్కున నోటికొచ్చింది.

“సర్, ఆయన మీ ఆక్యుపేషన్ గురించి అడుగుతున్నారు.”

మా కల్నల్ ఛాతీ పొంగింది. “అందులో నన్ను మించినవాడు ఈ కౌంటీలో లేడని చెప్పు. మా నాన్నదీ అదే, మా తాతదీ అదే. మా పిల్లలకూ అదే నేర్పాను.”

ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. “ఆక్రమణలో ఆయన్ని మించినవాడు కౌంటీలోనే లేడటండీ. వాళ్ళ నాన్నదీ తాతదీ అదేనట. పిల్లలక్కూడా అదే నేర్పించాడట.”

తాసీల్దారుగారు కళ్ళజోడు తీసేశారు. “ఇంత బాహాటంగా ఒప్పుకున్నవాణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు.”

“గింత నిజాయితీ మన దిక్కు యాడున్నది బావగారు” అన్నారు సారు. “మీ ఇంటి జాగ మీకు ముందు ఎవలదో లింకు డాక్యుమెంటు అడగాల్నంటె చెరువుల కప్పనడగాలె.”

“ఆంటీ,” అమ్మాయి నా గౌను పట్టుకుని లాగింది. “ఆక్యుపేషన్ అంటే ఆయన జాబ్ అనుకున్నారు. మిల్లు, కొలిమి, అవి.”

అప్పటికి ఆలస్యమైంది. చివరి బెంచీ పగలబడి నవ్వింది. చివరి బెంచీ నవ్విందని మధ్య బెంచీలు నవ్వాయి. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి, “ఏమంటున్నారు? నాకూ చెప్పండి” అంది. డైరెక్టరమ్మ నా వంక చూసి పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. అది నవ్వు కాదని అక్కడ నాకొక్కదానికే తెలుసు.

తాసీల్దారుగారు కళ్ళజోడు పెట్టుకుని అసలు ప్రశ్న వేశారు. “సరే, అదంతా వదిలెయ్యి. ఈయనకి ముందు ఈ నేల ఎవరి అనుభవంలో ఉంది? ఎవరూ లేరంటే కుదరదు. ఎవరూ లేని భూమిని నేను చూళ్ళేదు. శ్మశానానికి కూడా ఎవరో ఒకరుంటారు.”

పెద్దావిడ వింటోంది కనుక దాచడానికి లేదు. ఈసారి నిఘంటువు జోలికి పోకుండా మామూలు మాటల్లో చెప్పాను. మీకు ముందు ఇక్కడ ఎవరుండేవారని అడుగుతున్నారు.

మా కల్నల్ గడ్డం మళ్ళీ నిమురుకున్నాడు. ఆపైన ఎప్పుడూ చేసే పనే చేశాడు.

“ఆ సంగతి మా ఆవిడ్ని అడగండి.”

తలలన్నీ నావైపు తిరిగాయి. కావలసిన వాక్యం నాలుక చివరే ఉంది. ఏళ్ళ తరబడి అరిగిన వాక్యం. కానీ అంతవరకూ దాన్ని కథలో మాటగా చెప్పాను. ఇప్పుడు ఒక తాసీల్దారు నిలబెట్టి అడుగుతుంటే అది సాక్ష్యమైపోయింది. బైబిలు పదాజ్ఞల్లో తొమ్మిదోది, ‘అబద్ధసాక్ష్యం పలకవద్దు’ అన్నది, నటన గురించి కాదు, సాక్ష్యం గురించే. ఎదురుగా టార్పాలిన్ గాలికి టపటపా కొట్టుకుంటోంది. దాని కింద మా కల్నల్, ఏ ప్రశ్నకైనా జవాబు నా దగ్గర ఉంటుందన్న నమ్మకంతో నన్నే చూస్తున్నాడు. నా నోటి నుంచి ఏం వస్తే ఆయన తల మీద ఆ టోపీ ఉంటుందో ఊడుతుందో ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

ధైర్యం వచ్చిందని చెప్పను. చిలకడం ఆపకుండానే లోపల చిన్న ప్రార్థన చేసుకున్నాను. గొప్ప మాటలేవీ రాలేదు. ఎద్దు గుర్తొచ్చింది.

“ఊటకు దిగే బాట మాకు ముందే ఉందండీ” అన్నాను, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో. “మా ఎద్దు ఆ బాట పట్టుకునే దిగింది.”

నేను కొత్తగా కలిపింది ఏమీ లేదు. రాసిచ్చిన కథలో ఉన్నదే. ఎద్దు మీద జాలితో అంతవరకూ ఎవరూ బాటను చూడలేదు.

“ఆఁ. అదీ సంగతి,” తాసీల్దారుగారు చెయ్యెత్తారు. “నడిచే బాట ఉందంటే నడిచినవాళ్ళు ఉన్నట్టే. రాసుకో.”

“ఎవలకు చెప్తున్నరు బావగారు? మీ గుమాస్తా ఒంగోలుల ఉన్నడు.”

అందరూ మా కల్నల్‌ను చూస్తున్నారు. ఆయన ఊట వైపు తిరిగాడు. ఇప్పుడక్కడ సిమెంటు మెట్లు, పట్టుకోడానికి ఇనుప కమ్మీ ఉన్నాయి. ఆయన వాటిని చూస్తున్నట్టు లేదు.

“ఉంది,” అన్నాడు. “బాట ఉంది. బాగా అరిగిన బాట. ఒక రోజులో పడేది కాదు.” ఊట వైపు ఒక అడుగు వేశాడు. “ఎవరిదని నేను అడగలేదు. అడిగే తీరిక లేదనుకున్నాను.”

పెద్దావిడ కర్ర ఊతంతో లేచి, మెల్లగా ఊట మెట్ల దాకా నడిచి, కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. తర్వాత కారెక్కి వెళ్ళిపోయింది. డైరెక్టరమ్మ నా దగ్గరకొచ్చి, “నిన్ను వెన్న చిలకమన్నాను” అంది. అంతే అంది. ఆవిడ స్థానంలో ఉంటే నేను ఇంకా చాలా అనేదాన్ని.

సాయంత్రం మా కల్నల్ టోపీని మేకుకు తగిలిస్తుంటే, “నా నోటి మూలంగా ఇంత పని జరిగింది” అన్నాను. ఆయన ఆ టోపీ అంచు మీద దుమ్ము దులిపాడు. “ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న,” అన్నాడు. “మంచి ప్రశ్న.”

ఆ రాత్రి వియ్యంకులిద్దరూ మా ఇంట్లోనే టిఫిను చేశారు. తాసీల్దారుగారు పెసరట్టు తుంచుతూ, “భూమి ఎక్కడైనా భూమేనమ్మా. అమెరికా అయితే మాత్రం?” అన్నారు.

“గట్లనె మీ చెరువు ఇంటి మీద కూడ ఒక విచారణ వెట్టున్రి” అన్నారు సారు.

“అది వేరు బావగారూ. అది రెగ్యులరైజ్ అయిపోయింది.”

“కల్నల్‌ది కాలేదా మరి? ప్రెసిడెంటు పేరు మీద అయింది.”

తాసీల్దారుగారు అల్లప్పచ్చడి ఇంకొంచెం వేయించుకున్నారు.

తర్వాతి సోమవారం మ్యూజియం కమిటీ మీటింగు. మా కల్నల్, నేను గోడవారగా కూర్చున్నాం. పిలవకుండానే పెద్దావిడ వచ్చింది. వచ్చి కూర్చుని, చేతికర్రను బల్లకు ఆనించి, “బాట అవతల పొయ్యిల పొగ కూడా కనపడేదట,” అంది. “మా నాయనమ్మ చెప్పేది. చుట్టాల ముందు అనొద్దనేది కూడా. కప్పు నేను వేయిస్తాను. ఆ ‘ఎవరూ లేరు’ అన్న వాక్యం మాత్రం సరిచేయండి. ఆ గడ్డమాయన మాట విన్నాక అది చెవికి పట్టడం లేదు.”

గడ్డమాయన నేల చూపులు చూశాడు. నేను బల్ల కింద చేతులు జోడించుకున్నాను. స్తోత్రం చెల్లించి కళ్ళు తెరిచేసరికి కమిటీ వాక్యం మీద పడింది.

ఊరు పెట్టడానికి కల్నల్‌కు ఒక్క మధ్యాహ్నం పట్టింది. ఆ వాక్యం సరిచేయడానికి కమిటీకి అంతకంటే ఎక్కువే పట్టింది. ‘ఇక్కడ వేరే వాళ్ళు ఉండేవారు’ అందామని ఒకరన్నారు. అలా అంటే, వాళ్ళు ఎక్కడికి పోయారని అడుగుతారు కదా అని లాయరు. ‘కొందరు’ అంటే ఎంతమందని అడుగుతారు. ‘ఇతరులు’ అంటే మనం ఎవరమని అడుగుతారు. మేయరు బాధ వేరు. ఊరి మొదట్లో ఆ వాక్యాన్ని రాయి మీద చెక్కించేశారు, రాయి మార్చాలంటే ఇంకో కమిటీ వేయాలి. డోనట్ల డబ్బా ఖాళీ అయ్యాక ఎవరో ఒక మాట అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రాయి మార్చక్కర్లేదు, ఒక్క మాట దూర్చితే చాలు.

ఇప్పుడు వెళ్ళినా చూడొచ్చు. స్కూలు పిల్లలు మరిచిపోయిన మాటను పైన ఇరికించినట్టు, రాతి మీద చిన్న అక్షరాలతో ‘ఆల్మోస్ట్’ అని చెక్కారు. మేం వచ్చినప్పుడు ఇక్కడ దాదాపు ఎవరూ లేరు.

హైదరాబాదు వెళ్ళిపోయిన తాసీల్దారుగారికి ఫోన్‌లో ఈ తీర్పు వినిపించాను. “దాదాపా? ఆ కాలమ్ ఏ రికార్డులోనూ లేదమ్మా” అని చాలా బాధపడ్డారు. వెనక వాన చప్పుడు వినపడింది. ఇంట్లోకి నీళ్ళొస్తున్నాయి, తర్వాత చేస్తానని పెట్టేశారు.

పిల్లలూ, ఒక్క మాటే కదా అని మీరు నవ్వుతారు. నేనూ నవ్వాను. కానీ ఆ ఒక్క మాట కింద కప్పు పడింది, మా కల్నల్‌కు టోపీ నిలిచింది, నా గొంతులో నలుసు కాస్త కిందికి జారింది. ఇంకా పెద్ద మాట దొరికి ఉండాల్సిందేమో. దొరికినదానికి స్తోత్రం చెప్పడం మా అమ్మ నేర్పిన పాఠం.

ఆ తర్వాత చేసినన్నాళ్ళూ వెన్న చిలుకుతూ ఆ వాక్యం దగ్గరికి వచ్చి, ‘దాదాపు’ అన్నాక ఆగేదాన్ని. ఆగమని ఎవరూ రాసివ్వలేదు. ఆగితే జనం చిలికే చప్పుడు కూడా లేదేమిటా అని తలెత్తి, అటూ ఇటూ చూసి, ఊట మెట్ల వైపు చూసేవారు. ఆ ఆగినంతసేపూ మా కల్నల్ టోపీ తీసి చేత్తో పట్టుకునేవాడు.

డైరెక్టరమ్మకు అది నచ్చలేదు. అసలు కల్నల్ నిద్రలో కూడా టోపీ తీసేవాడు కాదని ఆధారాలున్నాయట. ఎందుకు తీస్తున్నావని అడిగితే మా కల్నల్, “చెమట” అనేవాడు.

ఆ ఉద్యోగంలో నా ఆఖరి రోజు జనవరిలో వచ్చింది. కొత్త కప్పు మీద మంచు పేరుకుని ఉంది. చూడవచ్చిన నలుగురూ కోట్లలో ముడుచుకుపోయారు. వెన్న గడ్డకట్టి కర్ర కదలడం లేదు. నా వాక్యం మొదలుపెట్టి, ‘దాదాపు’ దగ్గర ఆగాను. ఆయన టోపీ తీశాడు. బట్టతల మీద మంచు రేణువులు పడుతున్నాయి.

డైరెక్టరమ్మ ఆయన వంక చూసింది.

“చెమట” అన్నాడు.